నాలుగు మూలలా సేఫ్ మోడ్

జూన్ 4, మంగళవారం

ఆసుపత్రి కోట్ల మీద పేర్లు కుట్టడం పూర్తయింది. తెల్ల గుడ్డ, ముదురు నీలం దారం. మధ్యాహ్నం ఒక సూది విరిగింది, మార్చాను.

నడుం నొప్పి. ఈ కుర్చీకి ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క పెట్టుకుంటున్నాను. ఎవరితోనూ అనలేదు. అనడం నాకు చేతకాదు. అందుకే ఇక్కడ రాసుకుంటాను.

దుకాణం మూసేముందు ఆ రోజు లెక్క కంప్యూటర్‌లో ఎక్కించాలి. ఏ గుడ్డ, ఏ దారం, ఎక్కడ తెగింది. అదయ్యాక ఈ ఫైలు తెరుస్తాను. పాత డిజైన్ల ఫోల్డర్‌లో ఎవరూ చూడని పేరుతో ఉంది. పాస్‌వర్డ్ కూడా పెట్టాను. మా ఆవిడ రోజూ అడుగుతుంది, అందరూ వెళ్ళాక అక్కడ ఒక్కరూ ఏం చేస్తారని. లెక్కలు అంటాను. అబద్ధమేం కాదు.

జూన్ 6, గురువారం

కొత్త కుర్చీ వచ్చింది. చక్రాలున్నది, వీపుకి మెత్త ఉన్నది.

తమ్ముడే మోసుకొచ్చాడు. అన్నయ్యా, రోజంతా అందులో కూర్చుంటే నీ నడుం ఏం కావాలి, ముందే తెచ్చుండాల్సింది అన్నాడు. అట్టముక్క చూసి ఉంటాడు. వాడికి అంత దృష్టి ఉందనుకోలేదు. కూర్చుని చుట్టూ ఒకసారి తిరిగి చూశాను, ఎవరూ లేనప్పుడు.

జూన్ 11, మంగళవారం

నిన్న టోపీల ఆవిడ వచ్చింది. కంపెనీలకు టోపీలు కుట్టిస్తుంది, మీద బొమ్మలు మా దగ్గర వేయించుకుంటుంది. తమ్ముడు బయటికెళ్ళాడు. ఆవిడ అటూ ఇటూ చూసి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. పాత ఎంబ్రాయిడరీ మిషన్ ఒకటి బేరానికి వచ్చిందట. కొంటానంది. మిషన్ నాది, చెయ్యి మీది, సగం సగం అంది. జీతం కాదు, వాటా అని రెండుసార్లు చెప్పింది. బోర్డు మీద మీ పేరు కూడా రాయిస్తానంది.

ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికేముంది, మీరు ఆలోచిస్తూ కూర్చుంటే ఈలోగా మిషన్ తుప్పు పడుతుంది అంది. మనిషి మంచిది. గొంతు మాత్రం మిషన్ మోతే. బాబిన్‌లో దారం అయిపోతే మిషనైనా ఆగుతుంది, ఆవిడ ఆగదు.

రాత్రి ఇంట్లో చెప్పాను. వాటా సంగతి మాత్రమే. ఎవరికీ చెప్పొద్దన్నాను. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది. వంద ప్రశ్నలు వేసింది. రెండింటికి జవాబు చెప్పి పడుకున్నాను.

జూన్ 12, బుధవారం

ఈ మాట ఎక్కడైనా దించుకోవాలి కాబట్టి రాస్తున్నాను.

ఇవాళ బడి గుమాస్తా బ్యాడ్జీల పని మీద వచ్చాడు. గద్ద బొమ్మ. రెక్కలో ఒక్కో ఈకకీ కుట్టు ఒక్కో వైపు వాలాలి, లేకపోతే కాకిలా ఉంటుంది. ఆ ఒక్క రెక్క మీదే మూడు రోజులు కూర్చున్నాను. గుమాస్తా దాన్ని వేలితో తడిమి, ఎవరు చేశారని అడిగాడు. మా డిజైనే అన్నాడు తమ్ముడు. మరి ఈయనెవరు అని నన్ను చూపిస్తే, మా ఆపరేటర్ అన్నాడు. అన్నయ్య అనలేదు. సూదిలో దారం ఎక్కించడం రానివాడు.

ఎవరూ నాకు నేర్పలేదు. గుడ్డ పాడుచేసుకుంటూ నేర్చుకున్నాను. వాడు దుకాణం తన పేరున పెట్టుకుంటే ఊరుకున్నాను, చదువుకున్నవాడు, కాగితాలు తెలుసు కదా అని. ఆపరేటర్ అంటే మాత్రం తల కొట్టేసినట్టయింది.

వెళ్ళిపోతాను. పై నెల మొదటివారం ఆవిడకి మాటిస్తాను. అప్పటిదాకా ఇక్కడెవరికీ తెలియనివ్వను.

జూన్ 14, శుక్రవారం

విచిత్రం. గుమాస్తా మళ్ళీ వచ్చాడు. తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేసి, మా అన్నయ్య, ఈ డిజైన్లన్నీ ఈయన చేతివే అన్నాడు. గుమాస్తా కూడా తెల్లబోయాడు.

వెళ్ళిపోవాలనుకున్నందుకు సిగ్గేసింది. కాసేపే.

జూన్ 17, సోమవారం

టోపీల ఆవిడ ఫోన్ చేసింది. నమస్కారం కూడా లేదు. మీ అన్నదమ్ముల గొడవల్లోకి నన్ను లాగొద్దు అంది. ఏమైందన్నాను. తమ్ముడు శనివారం ఆవిడ ఇంటికే వెళ్ళాడట. డిజైన్లన్నీ దుకాణానివి, ఒక్క ఫైలు బయటికెళ్ళినా కోర్టుకి లాగుతానన్నాడట. పై నెల మొదటివారం మా అన్నయ్య మీకు మాటిస్తాడు కదా, ఈలోపే చెప్పిపోదామని వచ్చాను అన్నాడట.

నేను నోరు తెరిచేలోగా ఇంకోటి అంది. నా గొంతు మీకు మిషన్ మోతలా ఉందటగా. బాబిన్ అయిపోయినా ఆగనటగా. అంత చేటు గొంతుతో మీరు వ్యాపారం ఎలా చేస్తారులెండి అని పెట్టేసింది.

ఫోన్ జేబులో పెట్టుకుని మళ్ళీ మిషన్ దగ్గరికెళ్ళాను.

వాటా సంగతి తెలిసింది ఒక్క మా ఆవిడకే. తోటికోడలితో రోజూ ఫోన్లో మాట్లాడుతుంది. మొదటివారం అని, బాబిన్ అని ఇంట్లో అన్నట్టు గుర్తులేదు. తింటూ తింటూ నోరు జారానేమో. ఇంకెలా తెలుస్తుంది? ఈ ఫైలుకి పాస్‌వర్డ్ ఉంది.

జూన్ 18, మంగళవారం

రాత్రి అడిగాను. అడగడం కూడా కాదు. నీ నోటి వల్ల నా బతుకు పోయింది అన్నాను. ఒక్క వాక్యం.

ఆమె గిన్నె కడుగుతోంది. పంపు కట్టేసి ఇటు తిరిగింది. నేను చెప్పానా, మీరు నాకేం చెప్పారని నేను చెప్పడానికి అంది. ఇరవై ఏళ్ళలో మీ నోటి నుంచి నేను విన్న మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు, అందులోంచి ఏరి ఎవరికి చెప్పను అంది. నీ తోటికోడలితో రోజూ ఏం వాగుతావన్నాను. కూరగాయల గురించి, వాళ్ళ పిల్లాడి దగ్గు గురించి, మీ గురించి వాగడానికి నాకేమైనా తెలిస్తే కదా అంది.

తర్వాత గొంతు తగ్గించింది. గొంతు తగ్గిస్తేనే నాకు భయం. దొంగనన్నా పడేదాన్ని, చాడీలు చెప్పేదాన్నన్నారు చూడండి అంది.

పొద్దున్నే చెల్లెలింటికి వెళ్ళిపోయింది. క్యారియర్ మాత్రం కట్టి గట్టు మీద పెట్టింది.

జూన్ 20, గురువారం

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నాకు అదే ఇష్టమనుకునేవాణ్ణి.

జూన్ 22, శనివారం

ఇది బ్యాకింగ్ కాగితం మీద, పెన్సిల్‌తో. కుట్టేటప్పుడు గుడ్డ ముడత పడకుండా అడుగున పెట్టే కాగితం. కంప్యూటర్ పడిపోయింది.

ఆన్ అవుతోంది, తెర మీద బొమ్మలు వస్తున్నాయి, అక్కడే గడ్డకట్టుకుపోతోంది. మౌస్ కదలదు. బడి బ్యాడ్జీలు బుధవారం ఇవ్వాలి. గద్ద ఫైలు అందులోనే ఉంది.

నేను చూస్తానన్నాను. ఇలాంటివి నేనే ఏవో తంటాలు పడి బాగుచేస్తుంటాను. తమ్ముడు ఒద్దన్నాడు. నువ్వు ముట్టుకోకు అన్నయ్యా, నా మనిషిని పిలుస్తా అన్నాడు. వాడెప్పుడొస్తాడన్నాను. మంగళవారం అన్నాడు. మరి బ్యాడ్జీలో అన్నాను. ముట్టుకోకంటే ముట్టుకోకు అని అరిచాడు. అరిచినందుకు వాడే గతుక్కుమన్నట్టున్నాడు, వెంటనే టీ తెప్పించాడు.

రేపు సెలవు. వాడు అత్తగారింటికి వెళ్తాడు. తాళంచెవి నా దగ్గర కూడా ఉంది.

జూన్ 23, ఆదివారం. ఉదయం 10. సేఫ్ మోడ్

ఆన్ చేస్తూనే ఎఫ్8 మీద వేలితో పొడుస్తూ కూర్చున్నాను. నల్ల తెర, తెల్ల అక్షరాలు. బాణం కిందికి జరిపి సేఫ్ మోడ్ ఎంచుకున్నాను.

వచ్చింది. వెనక బొమ్మ లేదు, తెరంతా నలుపు. అక్షరాలు లావుగా, ముసలివాళ్ళ పుస్తకంలోలా ఉన్నాయి. నాలుగు మూలలా సేఫ్ మోడ్, సేఫ్ మోడ్ అని రాసి ఉంది. సౌండ్ లేదు. నెట్ లేదు. కుట్టు సాఫ్ట్‌వేర్ కూడా తెరుచుకోదు. కంప్యూటర్ ఊపిరి తీసుకోవడానికి ఏవి కావాలో అవి తప్ప మిగతావేవీ నడవవు. అలా ఉన్నప్పుడే రోగం ఎక్కడుందో వెతకాలి.

ఎక్కువ వెతకలేదు. డిస్కు నిండిపోయింది. ఎర్రగా చూపిస్తోంది. ఇందులో బోలెడు ఖాళీ ఉండాలి కదా, ఏం మింగిందని ఫోల్డర్లు ఒక్కొక్కటీ బరువు చూశాను. ఒకటి దొరికింది. పేరు అర్థం కాదు, ఏవో అంకెలు. నేను పెట్టింది కాదు. నిండా బొమ్మలు.

ఒకటి తెరిచాను. అది ఈ కంప్యూటర్ తెరకి తీసిన ఫోటో. నా డిజైన్, సగం కుట్టిన గద్ద రెక్క.

ఇంకోటి. లెక్కలు.

ఇంకోటి తెరిచాను. నడుం నొప్పి. ఈ కుర్చీకి ఒక కాలు పొట్టి.

10.40

లేచి నీళ్ళు తాగి వచ్చాను.

పోయిన ఏడాది వానాకాలం నుంచీ ఉన్నాయి. కంప్యూటర్ ఆన్ కాగానే తనంతట తనే మొదలయ్యే ప్రోగ్రామ్ ఒకటి పెట్టారు. తెర మీద ఏముంటే దాన్ని నిమిషానికోసారి ఫోటో తీసి, ఎవరికో మెయిల్‌లో పంపి, ఒక కాపీ ఇక్కడ దాస్తుంది. ఎవరికన్నది చుక్కలు చుక్కలుగా ఉంది, కనబడదు. నేను పాస్‌వర్డ్ పెట్టింది ఫైలుకి. తెరిచాక తెర మీద ఉండేదానికి ఏ పాస్‌వర్డూ లేదు కదా. ఆ మాత్రం తట్టలేదు నాకు.

డిస్కు నింపింది నా రాతలే. ఒక వాక్యం రాసి ఆలోచిస్తూ కూర్చుంటాను. కూర్చున్నంతసేపూ అదే వాక్యం మళ్ళీ మళ్ళీ ఫోటో. సూదిలో దారం ఎక్కించడం రానివాడు. సూదిలో దారం ఎక్కించడం రానివాడు. వరసగా పదకొండు.

కుర్చీ. భుజం మీద చెయ్యి. మొదటివారం. బాబిన్.

బాబిన్ మాట నేను ఇంట్లో అనలేదు. ఎక్కడా అనలేదు. ఇక్కడే రాశాను.

ఆమె గిన్నె పట్టుకుని ఇటు తిరిగిన ముఖమే కనబడుతోంది.

మధ్యాహ్నం 1. సేఫ్ మోడ్

ఎవరిదో ఖాయంగా తెలియాలి. తెలుసు. అయినా కళ్ళతో చూడాలి. ఒకసారి చూడకుండానే ఒకరి మీద నింద వేశాను.

పాత ఫోటోలు తీసేశాను. డిస్కు తేలికపడింది. ఆ ప్రోగ్రామ్‌ని మాత్రం ముట్టుకోలేదు. సేఫ్ మోడ్‌లో అది నిద్రపోతుంది, మామూలుగా ఆన్ చేస్తే లేస్తుంది. లేవనీ.

మధ్యాహ్నం 2. మామూలుగా

కంప్యూటర్ దానంతటదే బాగైపోయింది. మంచిదే.

మనసులో మాట రాసుకుంటాను. సొంతంగా దుకాణం పెడుతున్నాను. రైల్వే గేటు అవతల పిండిమరలో వెనకవైపు గది ఖాళీగా ఉంది. మరాయనతో మాట్లాడాను. మంగళవారం అడ్వాన్సు ఇస్తాను. ఎవరికీ తెలియదు.

జూన్ 25, మంగళవారం. సేఫ్ మోడ్

తమ్ముడు పొద్దున రాలేదు. పదకొండు దాటాక వచ్చాడు. చెమటలు కక్కుతున్నాడు. బ్యాంకులో లైను అన్నాడు. ఈ బ్యాంకులవాళ్ళకి మనిషంటే లెక్కలేకుండా పోయింది అని తిట్టాడు కూడా.

కుడి చొక్కా చేతి మీద మోచేయి దాకా తెల్లగా పిండి. చెవి మీద కొంచెం.

ఆ పిండిమర వెనక గది లేదు. గోడ ఉంది, గోడ అవతల పట్టాలు.

ఇలా రా అన్నాను. వచ్చాడు. చెయ్యి పట్టుకుని పిండి దులిపాను. చిన్నప్పుడు మట్టి దులిపినట్టే. చెవి కూడా తుడిచాను. బ్యాంకులో ఇప్పుడు సున్నాలు వేస్తున్నారా అన్నాను. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ తర్వాత కంప్యూటర్ ఎలా బాగైందన్నాడు. చెత్త నిండిపోయింది, తీసేశానన్నాను. ఏం చెత్తని అడిగాడు. నా రాతలే అన్నాను.

పక్కన మిషన్ నడుస్తోంది. గద్ద రెక్క కుడుతోంది.

తర్వాత మొదలుపెట్టాడు. పోయినేడాది మన డిజైనొకటి బయట కనబడితే ఆ కంప్యూటర్ మనిషే పెట్టమన్నాడు, దుకాణం కోసం పెట్టాను అన్నాడు. దొంగ ఎవరో తేలాడా అన్నాను. లేదన్నాడు. మరి తీయలేదేం అన్నాను. అక్కడ వాడు నా ముఖం చూసి చెప్పాడు. చదవడం అలవాటైపోయిందన్నయ్యా అన్నాడు. నీ నడుం నొప్పని నువ్వెప్పుడైనా నోటితో చెప్పావా, ఆపరేటర్ అంటే బాధపడతావని చెప్పావా, చదివాను కాబట్టే కదా కుర్చీ తెచ్చాను, చదివాను కాబట్టే కదా పదిమందిలో అన్నయ్య అన్నాను, అది తప్పా అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి. నిజం నీళ్ళే. అదే కడుపు మండించింది.

మరి టోపీల ఆవిడ అన్నాను. నువ్వెళ్ళిపోతే ఈ మిషన్ ఎవరు నడుపుతారు అన్నాడు.

కన్నీళ్ళ అడుగున ఉన్నది అది. మీ వదిన ఇంట్లోంచి వెళ్ళిపోయింది కూడా చదివావా అన్నాను. తల దించుకున్నాడు. చదివాడు. చదివి వారం రోజులుగా నా ఎదురుగా కూర్చుని టీ తాగాడు. ఆమె కాదన్నయ్యా అని ఒక్క ముక్క అనలేకపోయాడు.

కుర్చీ ఉంచుకో అన్నాను. నెలాఖరు దాకా వస్తాను, తర్వాత రానన్నాను. నేను వాడితో ఒక్కసారిగా ఇన్ని మాటలాడడం ఇదే మొదలు.

జూన్ 27, గురువారం. సేఫ్ మోడ్

టోపీల ఆవిడ దగ్గరికి వెళ్ళాను. గొంతు మాట నేను రాసిందే, తప్పే అన్నాను. రాసుకునేవాళ్ళు నాలుగు మంచి ముక్కలు కూడా రాసుకోవాలి అంది. మనిషి మంచిదని కూడా రాశానన్నాను. మీ తమ్ముడు ఆ ముక్క మింగేశాడన్నమాట అంది. నవ్వింది కానీ మెత్తబడలేదు. ఇక వాటా మాట ఎత్తొద్దండీ, ఇంట్లో ఇంత గొడవున్న మనిషితో వాటా నాకొద్దు, పనికి రావాలంటే ఒకటో తారీఖు దాటాక రండి అంది.

ఏ పనికని అడిగాను. ఆపరేటర్‌గా అంది.

సరేనన్నాను.

జూన్ 28, శుక్రవారం. సేఫ్ మోడ్

మా ఆవిడ చెల్లెలింటికి వెళ్ళాను. మరదలు తలుపు తీసి, అక్కా, మీ మౌనవ్రతం వచ్చింది అని లోపలికి కేకేసింది. కూర్చోమనలేదు.

మెట్ల మీద నిలబడే అంతా చెప్పాను. ఫోటోలు, పిండి, బాబిన్, ఆపరేటర్. నాది తప్పని చెప్పాను. మా ఆవిడ గోడకానుకుని వింది. మధ్యలో సేఫ్ మోడంటే ఏంటని అడిగింది. సౌండ్ ఉండదు, బయటితో సంబంధం ఉండదు, రంగులు సరిగా ఉండవు, ప్రాణం నిలబడటానికి కావలసినంతే నడుస్తుంది అని చెప్పాను. అయితే నాకు కొత్తేం కాదు, ఇరవై ఏళ్ళుగా దాంతోనే కాపురం చేస్తున్నా అంది. లోపల్నించి మరదలు పకపకా నవ్వింది. మా ఆవిడ నవ్వలేదు.

నా గురించి ఏం రాశారంది. ఏమీ లేదన్నాను. నిజం చెప్పండి అంది. వంద ప్రశ్నలు వేస్తుందని రాశానన్నాను. ఇంకా? తోటికోడలితో ఫోన్లో మాట్లాడుతుందని. ఇంకా? ఇంకేం లేదు.

ఏడాదిగా మీ కడుపులో మాట రోజూ మీ తమ్ముడు చదువుకున్నాడు, నేను మీ క్యారియర్ కడుగుతూ లెక్కలనుకున్నాను అంది. మీ తమ్ముడు దొంగతనం చేశాడు, సరే, కానీ వాడు దొంగిలించడానికైనా అక్కడ ఏదో పెట్టారు, నాకేం పెట్టారండీ అంది.

ఒక మెట్టు పైకెక్కాను.

ఇంటికి రమ్మన్నాను. రానంది. రోజూ సాయంత్రం ఇక్కడికి రండి, ఆ రోజు జరిగింది మొత్తం నోటితో చెప్పి వెళ్ళండి, ఎన్నాళ్ళు చెప్తారో చూసి అప్పుడు ఆలోచిస్తానంది. తలుపేసింది.

జూన్ 29, శనివారం. సేఫ్ మోడ్

నిన్న అంతా చెప్పాను కదా, ఇవాళ్టిది రేపు చెప్పొచ్చులే అనుకుని ఫైలు తెరిచాను. తెరిచి మూసేశాను. వెళ్ళాను. దారం తెగిందన్నాను. ఊఁ, తర్వాత అంది. మార్చానన్నాను. ఊఁ, తర్వాత అంది. నాకు చెమటలు పట్టాయి. దుకాణానికి తిరిగొచ్చి ఇది రాస్తున్నాను.

జూలై 1, సోమవారం. మామూలుగా

తమ్ముడూ, నెలాఖరు ఆదివారమైంది, అందుకే చివరిసారి ఇవాళ వచ్చాను. ముదురు నీలం దారం అయిపోవచ్చింది, తెప్పించుకో. సూది కొత్తది వేశాను. గద్ద ఫైలు బయటే పెట్టాను, వెతుక్కోనక్కర్లేదు.

ఇవాళ జరిగింది మీ వదినకు చెప్పాలి. వెళ్తున్నాను.